గుండీల రాయి

ఆ గుండీల సంగతి కోడలు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

చెప్పడానికి మంచి సమయం రాకపోలేదు. తడి సంచిలో కొబ్బరికాయంత రాయిని తెచ్చి, హాల్లో గోడవారనున్న ఉప్పునీటి అక్వేరియంలోకి ఆమె మెల్లగా దింపుతున్నప్పుడు, అత్తగారు కుట్టుమిషను మీంచి తలెత్తి, "ఇవేమిటే అమ్మాయ్, కోటు గుండీల్లా ఉన్నాయి?" అని అడిగింది. నిజంగానే అలా ఉన్నాయి. రాయి నిండా గోధుమరంగు పగడాలు. ఒక్కొక్కటీ గుండీ అంత, చుట్టూ సన్నటి అంచు, మధ్యలో ఆకుపచ్చ చుక్క. పగడమంటే దండలో ఎర్రపూస అని తప్ప ఇంకేమీ తెలియని అత్తగారికి, ఇవి ప్రాణమున్నవేననీ, వెలుగు పడితే విచ్చుకుంటాయనీ, ఏదైనా తగిలితే ముడుచుకుంటాయనీ, చచ్చిపోతే మాత్రం వెంటనే తీసెయ్యాలనీ, లేకపోతే పక్కవాటిని కూడా చంపుతాయనీ కోడలే విడమరిచి చెప్పింది. అంతా చెప్పింది. అసలుది దాచింది.

ఆ అసలుదాన్ని చేపల షాపాయన ఆమెకు నొక్కి మరీ చెప్పి పంపాడు.

"మేడమ్, మిగతా పగడాల సంగతి వేరు. ఈ గోధుమరంగు వాటిలో కొన్నిటికి విషం ఉంటుంది. దేనికి ఉందో దేనికి లేదో చూసి చెప్పలేం. అందుకని అన్నిటికీ ఉందనే అనుకోండి. గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. చేతికి చిన్న గాయం ఉన్నా దగ్గరికి పోవద్దు. వేడినీళ్ళు మాత్రం చచ్చినా తగలనివ్వకండి. ఆ ఆవిరి పీలిస్తే మనిషి ఆస్పత్రి పాలే."

"అయితే ఇంట్లో పెట్టుకోవచ్చంటారా?"

"ఎంతమంది పెట్టుకోవడం లేదు! నీళ్ళలో ఉన్నంతసేపూ వీటంత బుద్ధిమంతులు లేరు. ఇంట్లోవాళ్ళందరికీ చెప్పి పెట్టుకోండి, అంతే."

అంతేనట. చెప్పేవాళ్ళకేం, ఎన్నైనా చెబుతారు. ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. తాడు తెగితే ఏమవుతుందో పొద్దస్తమానం ఆలోచించడమే ఆయన ఉద్యోగం, ఇంటికి వచ్చాక కూడా ఆ ఉద్యోగం మానడు. బాల్కనీలో ఒక మొక్కకి ఆకు తుంపితే పాలు కారుతున్నాయనీ, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదమనీ ఎవరో అన్నారని, కుండీతో సహా దాన్ని ఆ సాయంత్రమే ఇల్లు దాటించేశాడు. అలాంటి మనిషి చెవిలో విషం అన్న మాట పడితే అక్వేరియం ఉంటుందా? కోడలు కళ్ళజోళ్ళ షాపులో రోజంతా చీకటి గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ కళ్ళకు అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా, ఇదా?" అని అడుగుతూ ఉంటుంది. ఇంటికి వచ్చాక ఆ అక్వేరియం నీలి వెలుగు ముందు కూర్చుంటే తప్ప ఆమెకు ఊపిరి ఆడదు. అది పోతుందన్న భయమే ఆమె నోరు నొక్కేసింది. నేనైతే దాన్ని పిరికితనమనే అంటాను. ఆమె మాత్రం జాగ్రత్త అనుకుంది.

అత్తగారివి దర్జీ చేతులు. నలభై ఏళ్ళు ఊరందరి బట్టలూ కుట్టిన చేతులు. వేళ్ళ కొసలన్నీ సూదిపోట్లు, బొటనవేలి మీద కత్తెర గాట్లు, ఒకటి మానేలోపు ఇంకొకటి. ఆమెకి చేపలంటే ముచ్చట. కోడలు పనికి పోగానే చిటికెడు మేత వేళ్ళ మధ్య పట్టుకుని, మోచేతి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టి, ఒక్కోదాన్నీ పిలిచి పిలిచి తినిపించేది. గుండీల రాయి వచ్చిన మర్నాడు, పనికి బయల్దేరి ఏదో మరిచిపోయి వెనక్కి వచ్చిన కోడలు ఆ దృశ్యం చూసింది. అత్తగారి చెయ్యి రాయికి జానెడు దూరంలో ఉంది.

"అత్తయ్యా! చెయ్యి తియ్యండి!"

అత్తగారు ఉలిక్కిపడి తీసింది. "ఏమైందే?"

ఏం చెప్పాలి? నిజం నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. దాని బదులు ఇంకో మాట జారింది. "మీ చేతి మురికి ఆ నీళ్ళకి పడదు అత్తయ్యా. పగడాలు చచ్చిపోతాయి. ఇదిగో, గ్లౌజులు తెచ్చాను, అక్వేరియం పక్కనే తగిలిస్తాను. చెయ్యి పెట్టాలంటే ఇవి వేసుకోండి."

మన చేతులు అనవలసింది. మీ చేతి మురికి అంది. అత్తగారు మాటకి మాట అప్పజెప్పే మనిషి. కూరగాయల వాడి నుంచి కరెంటు బిల్లు వాడి దాకా ఆమె నోటికి జంకనివాడు లేడు. ఆ రోజు చేతులు తుడుచుకుని, తిప్పి ఒకసారి చూసుకుని, "గ్లౌజులు వేసుకుని ఎవరైనా బిడ్డలకి తిండి పెడతారుటే?" అని మాత్రం అని, మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కోడలు పక్కనుంచి నడిచినప్పుడల్లా, కుడుతున్న గుడ్డ కిందికి చేతులు లాక్కోవడం ఆమెకు అలవాటైపోయింది. కోడలు చూసింది. చూసి కూడా, పోనీలే, దూరంగా ఉంటుందిగా అనుకుంది.

అలా కొన్నాళ్ళు బాగానే గడిచింది. ఉన్నదానితో ఊరుకుంటే కోడలు కోడలెలా అవుతుంది? షాపులో ఒక చేపని చూసి మనసు పారేసుకుంది. మరుగుజ్జు ఏంజెల్ చేప. బొటనవేలంత ఉంటుంది. నిప్పుకణిక రంగు ఒళ్ళు, పక్కల మీద నల్లటి చారలు, రెక్కల చివర నీలం. షాపాయన ఈసారీ తన ధర్మం తాను చేశాడు.

"అందం చూసి తొందరపడకండి మేడమ్. వీటికి రోజంతా రాళ్ళని పొడుచుకు తినే అలవాటు. పగడాల జోలికి పోవచ్చు, పోకపోవచ్చు. ఒక్కోదాని బుద్ధి ఒక్కో రకం. సముద్రపు నాచు అందుబాటులో ఉంచండి, కడుపు మాడ్చకండి. అయినా సరే, నేను పూచీ పడను."

పూచీ పడనన్నవాడి దగ్గరే ఆమె చేపని కొనుక్కుని వచ్చింది. దానికి కుంపటి అని పేరు పెట్టింది అత్తగారు. గుండెల మీద కుంపటి అని ఊరికే అనరని కోడలికి తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. మొదట్లో అది నాచే తింది. ఆ తర్వాత ఒక ఉదయం, కోడలు టీ కప్పుతో నిలబడి చూస్తుండగానే, గుండీల రాయి దగ్గరికి వచ్చి, తల పక్కకి వంచి, ఒక గుండీ అంచుని చటుక్కున కొరికింది. గుండీ ముడుచుకుంది. దాని పక్కది ముడుచుకుంది. సాయంత్రానికి రాయి మొత్తం మూతులు బిగించుకుని కూర్చుంది.

అప్పటి నుంచి కోడలికి రెండు దిగుళ్ళు. చేపని పట్టి తిరిగి ఇచ్చేద్దామంటే అది దొరకదు. రాళ్ళ సందుల్లో దానికి లెక్కలేనన్ని ఇళ్ళు, వల కనబడితే చాలు మాయం. దాన్ని పట్టాలంటే రాళ్ళన్నీ బయటికి తియ్యాలి. రాళ్ళు తీస్తే ఆ రాయీ తియ్యాలి, ఇంట్లో అందరి మధ్యా. అందుకని నాచు ఎక్కువ పెడుతూ, రేపు మానుతుందిలే, ఎల్లుండి మానుతుందిలే అని రోజులు నెట్టింది. అది మానలేదు. గుండీలు తెరుచుకోలేదు.

"ఏమే, నీ గుండీలు ఇంకా విచ్చుకోలేదేం?" అని అత్తగారు అడిగింది ఒక రోజు.

కోడలికి వచ్చిన ఆలోచన ఒకటే. "మీరు గానీ చెయ్యి పెట్టారా అత్తయ్యా? నిజం చెప్పండి, ముట్టుకున్నారా?"

అడిగింది భయంతో. వినబడింది నిందలా.

"లేదు" అంది అత్తగారు, మరీ తొందరగా. కుంపటికి ఆకలిగా ఉందేమోనని ఆవిడ రోజూ వట్టి చేత్తోనే మేత పెడుతోంది. ఒకటి రెండు సార్లు వేలు గుండీలకు తగిలింది కూడా. కోడలు ఆ ముఖం చూసి పోల్చుకోగలిగేది. పోల్చుకుంటే నిజం చెప్పాల్సి వస్తుందని చూపు తిప్పుకుంది.

ఆ తర్వాత వారంలోనే అది జరిగింది.

మధ్యాహ్నం, కళ్ళజోళ్ళ షాపు చీకటి గదిలో ఒక పెద్దాయన గోడ మీది అక్షరాలు కూడబలుక్కుని చదువుతున్నాడు. కోడలి ఫోను మోగింది. ఇంటి నుంచి.

"అమ్మాయ్, పనిలో ఉన్నావా? తిట్టనంటే ఒకటి చెబుతాను."

"చెప్పండత్తయ్యా."

"నీ గుండీలు పోయాయే." గొంతు బొంగురుగా ఉంది. "నేనే చంపాను. నువ్వు వద్దన్నా చేపకి మేత పెడుతూ చేత్తో తాకాను. చచ్చినవి అలాగే ఉంచితే పక్కవాటిని కూడా చంపుతాయన్నావుగా. అందుకని ఆ రాయిని తీసి శుభ్రం చేశాను. ఆ గుండీ పూలు తిరిగి తేలేను గానీ, రాయినైనా నీకు మచ్చ లేకుండా ఇద్దామని."

కోడలు పెద్దాయన కళ్ళ ముందు పట్టుకున్న అద్దం అలాగే ఉండిపోయింది. "ఎలా... ఎలా శుభ్రం చేశారు?"

"నా చేతి మురికాయె. పైపైన కడిగితే పోతుందా? మరక పడ్డ గుడ్డని ఏం చేస్తాం? పెద్ద గిన్నెలో వేసి మరిగించాను. పైన ఉన్నదంతా చెంచాతో గీకేశాను. నురగ చూడాలి!" దగ్గింది. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. "ఒకటే, ఆవిరికి వంటగదిలో నిలబడలేకపోయాననుకో. నోరంతా చేదు, ఇనుము నాకినట్టు. కాళ్ళు కూడా ఎందుకో లాగేస్తున్నాయి."

భయమంటే ఏమిటో ఆ క్షణం దాకా తనకు తెలియదని కోడలికి తెలిసింది. ఇన్నాళ్ళూ భయం అనుకున్నది ఉత్త బెదురు. ఇది వేరు. చేతిలో అద్దం జారి కిందపడి పగిలింది. పెద్దాయన "ఏమైందమ్మా?" అంటున్నాడు.

"అత్తయ్యా, బయటికి రండి. ఇప్పుడే. స్టవ్ కట్టేశారా? సరే, ఏమీ ముట్టుకోకండి, తలుపు లాగేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చోండి."

"చెప్పులు వేసుకుని..."

"చెప్పులొద్దు! రండి ముందు!"

"ఎందుకే అంత కంగారు?"

ఇదిగో, ఇక్కడ చూడాలి మనిషి బుద్ధి. ప్రాణం మీదికి వచ్చిన ఆ క్షణంలో కూడా ఆమె నోట నిజం రాలేదు. "గ్యాసు లీకవుతోందేమో అత్తయ్యా" అంది. అదే మాట టాక్సీలోంచి భర్తకి ఫోను చేసి చెప్పింది. "గ్యాసు అనుకుంటా. అత్తయ్యకి ఊపిరాడటం లేదు. ఆస్పత్రికి వచ్చెయ్యండి." ఒకసారి చెప్పిన అబద్ధం రెండోసారి ఎంత సులువుగా వస్తుందో ఆమెకే ఆశ్చర్యం వేసింది.

అత్తగారు మెట్ల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఎండ పూట వణుకుతోంది. పెదవులు పాలిపోయాయి. ఒక్కో మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటోంది. కోడల్ని చూడగానే చేసిన మొదటి పని, చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకోవడం.

"తిట్టకే" అంది.

కోడలు తిట్టలేదు. ఏడవనూ లేదు. రెక్క పట్టుకుని లేపి, దాదాపు మోసుకుంటూ కిందికి దించింది. టాక్సీలో అత్తగారి తల తన భుజం మీద వాలినప్పుడు, ఆ బరువు అంతకంతకూ పెరుగుతున్నట్టు అనిపించింది. సిగ్నళ్ళ దగ్గర బండి ఆగినప్పుడల్లా ఆమె అత్తగారి ఛాతీ వంకే చూసింది. లేచిందా? పడిందా? మళ్ళీ లేచిందా? దేవుడా, ఒక్కసారి, ఈ ఒక్కసారికి, అని ఏ దేవుడో తెలియకుండానే వేడుకుంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ వయసులో చిన్నదే గానీ చురుకైనది. ముక్కుకి ఆక్సిజన్ మాస్కు పెట్టించి, గుండె చూసి, కాళ్ళు నొక్కి చూసి, "ఏం పీల్చారు?" అని అడిగింది. సరిగ్గా అప్పుడే భర్త పరుగు పరుగున లోపలికి వచ్చాడు, ఒంటి మీద ఇంకా గ్రీజు మరకల యూనిఫామ్, భుజాన పనిముట్ల సంచి.

"గ్యాసు..." అంది కోడలు.

డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. "గ్యాసుకి జ్వరం రాదే. నోరు చేదెక్కడం, ఈ కండరాల నొప్పులు, ఇవి గ్యాసు లక్షణాల్లా లేవు. సరిగ్గా గుర్తు చేసుకోండమ్మా. ఏం పీల్చారో తెలిస్తే మాకు పని సులువు. లేకపోతే చీకట్లో వెతుక్కోవాలి." అని రక్తం తీయించడానికి నర్సును పిలుచుకుంటూ వెళ్ళింది.

అత్తగారు మాస్కులోంచి కొడుకు చెయ్యి పట్టుకుంది. "దాన్ని ఏమనకురా. తప్పు నాదే. దాని పూలు నేనే పాడుచేశాను."

"పూలేమిటమ్మా? ఊరుకో, మాట్లాడకు" అని ఆయన తల నిమిరాడు. తర్వాత భార్యని పక్కకి పిలిచాడు. ముఖం తెల్లగా ఉంది. "ఇంట్లో గ్యాసు అలాగే ఉందా? కిటికీలు తీశావా?"

"లేదు."

"లేదా! కింది వాటాలో పసిపిల్లలున్నారు. నేను వెళ్ళి చూసొస్తాను, నువ్విక్కడే ఉండు" అన్నాడు. ఆమె నోరు తెరిచేలోగా ఆయన వరండా మలుపు తిరిగిపోయాడు. నోరు తెరిచేలోగా అన్నాను. అది కూడా ఆమె మీద జాలితో అన్నమాటే. నోరు తెరవడానికి కావలసినంత వ్యవధి ఉంది. ఆమె తెరవలేదు. మీ అమ్మ ప్రాణం మీదికి తెచ్చింది నేనే అని ఆ మనిషి ముఖం మీద చెప్పడానికి ఆమె నాలుక మడతపడింది.

కానీ మంచం మీద అత్తగారి దగ్గు మళ్ళీ మొదలైంది. ఈసారి దగ్గు మధ్యలో ఊపిరి అందక ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. పక్కనున్న యంత్రం కీచుమంది. నర్సు పరుగెత్తింది. కోడలు కూడా పరుగెత్తింది, డాక్టరమ్మ గదిలోకి.

"గ్యాసు కాదు డాక్టర్. పగడాలు. అక్వేరియంలో పగడాలు. వాటిలో విషం ఉంటుంది. మా అత్తగారు తెలియక ఆ రాయిని మరిగించారు. ఆ ఆవిరి పీల్చారు. వట్టి చేతులతో గీకారు కూడా." ఒక్క గుక్కలో చెప్పేసింది.

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమె వంక చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోను తీసి ఎవరో పెద్ద డాక్టరుతో మాట్లాడింది, కోడలి చేత రెండుసార్లు మళ్ళీ చెప్పించింది, నర్సుకి గబగబా పనులు పురమాయించింది. "దీనికి విరుగుడు మందంటూ లేదు" అంది చివరికి. "గుండె, ఊపిరి, కిడ్నీలు కనిపెట్టుకుని ఉండాలి. ఆమె ఒంటి మీద బట్టలు మార్పించి చేతులు బాగా కడిగిస్తాం. మీరూ కడుక్కోండి. ఆ గిన్నె ఇంకా వంటగదిలోనే ఉందా? అయితే ఆ ఇంట్లోకి ఎవరినీ అడుగు పెట్టనివ్వకండి."

కోడలికి అప్పుడు తట్టింది. భర్త ఆ ఇంటికే వెళ్ళాడు.

ఫోను సంచిలో ఉంది. సంచి అత్తగారి మంచం కింద ఉంది. ఆమె ఆ వార్డు అంత పొడవూ ఎలా దాటిందో ఆమెకే తెలియదు. భర్త నంబరు నొక్కింది. మోగింది, మోగింది, ఆయన ఎత్తలేదు. మళ్ళీ నొక్కింది. ఆయన ఈపాటికి మెట్లెక్కుతూ ఉంటాడు. తాళం తీస్తూ ఉంటాడు. జాగ్రత్త మనిషి కదా, ముందు వంటగదిలోకే పోతాడు, గిన్నె మూత తీస్తాడు, ముఖం వంచి వాసన చూస్తాడు. తల్లి చిందరవందరగా వదిలేసిన వంటగదిని చూసి ఊరుకోలేక, వేడినీళ్ళు పెట్టి గిన్నె తోముతాడు. మూడోసారి నొక్కింది.

"ఏమిటి?" ఆయన గొంతు. వెనక తాళంచెవుల చప్పుడు.

"తలుపు తియ్యకండి!" ఆమె గొంతు తనది కానట్టు, వార్డంతా వినబడేట్టు వచ్చింది. "తియ్యకండి! అది గ్యాసు కాదు, విషం! వంటగదిలో గిన్నెలో ఉన్నది విషం!"

వార్డులో అందరూ ఆమె వైపు తిరిగారు.

"గ్యాసు అన్నావు."

"అబద్ధం చెప్పాను. నా పగడాలండీ. ఆ గోధుమరంగువి. మరిగిస్తే విషం. అత్తయ్యకి తెలియదు. నేను చెప్పలేదు."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"తెచ్చిన రోజు నుంచి" అంది కోడలు.

ఆయన ఫోను పెట్టేశాడు. ఆ రాత్రంతా ఆయన తన గుమ్మం ముందు మెట్ల మీదే కూర్చున్నాడని తర్వాత తెలిసింది. లిఫ్టులకు తగిలించే "ప్రమాదం, లోపలికి రావద్దు" అన్న బోర్డు తన సంచిలోంచి తీసి, సొంత ఇంటి తలుపుకి తగిలించుకుని, వచ్చేపోయేవాళ్ళని ఆపుతూ కూర్చున్నాడు. తెల్లవారాక చేపల షాపాయనే ముఖానికి పెద్ద మాస్కు తగిలించుకుని వచ్చి, ఆ గిన్నెనూ రాయినీ ఎలా తీసి పారెయ్యాలో అలా తీసేశాడు.

ఆస్పత్రిలో కోడలికి తెల్లవారడం అంత తేలిగ్గా జరగలేదు. అత్తగారికి జ్వరం ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కింది. కాళ్ళు పట్టేసి మూలిగింది. యంత్రం కీచుమన్నప్పుడల్లా కోడలు లేచి నిలబడేది, నర్సు వచ్చి ఏదో నొక్కి పోయేది, మళ్ళీ కూర్చునేది. ఆవిడ పోతే, అనుకునేది. ఆ తర్వాతి ఆలోచన వచ్చేది కాదు. అక్కడొక గోడ ఉండేది. ఆవిడ పోతే. ఆవిడ పోతే. తన నీలి వెలుగు గానీ, కుంపటి గానీ ఆ రాత్రి ఆమెకి ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి జ్వరం నిలకడగా తగ్గింది. గండం గడిచినట్టేననీ, ఇంకా కొన్నాళ్ళు కనిపెట్టి చూడాలనీ డాక్టరమ్మ చెప్పింది. భర్త వచ్చి మంచానికి అవతలి వైపు కూర్చున్నాడు. భార్య వంక చూడలేదు. ఆమెకూ ఆయన వంక చూసే ధైర్యం లేదు. ఇద్దరి మధ్యా అత్తగారు కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. నిద్రపోతోందనే అనుకున్నారు.

"అమ్మాయ్."

కళ్ళు తెరిచే ఉన్నాయి. మాస్కు కొద్దిగా పక్కకి జరుపుకుంది.

"నిన్న అరిచావే ఫోనులో. విన్నాను."

కోడలు తల వంచుకుంది. ఇప్పుడు పడతాయి అనుకుంది. పడాలి కూడా అనుకుంది.

"అయితే ఆ గుండీలు నా చేతి మురికికి చావలేదన్నమాట."

కోడలు తలెత్తింది. ఆవిడ అడుగుతున్నది విషం గురించి కాదు. తన ఊపిరితిత్తుల గురించి కాదు.

"అవి చావనే లేదత్తయ్యా" అంది. "కుంపటి కొరుకుతుంటే ముడుచుకున్నాయి. అంతే. నేను కళ్ళారా చూశాను. చూసి కూడా మిమ్మల్ని అడిగాను."

"మరి చెయ్యి పెట్టొద్దన్నదీ?"

"మీ వేళ్ళకి గాయాలున్నాయని. విషం ఎక్కుతుందని."

"నా గురించా, అయితే?"

అవునంటే సరిపోయేది. అత్తగారు దాన్నే కోరుకుంటోందని ఆ కళ్ళలో తెలుస్తూనే ఉంది. కోడలికి ఇక అబద్ధం చెప్పే ఓపిక లేదు. "కొంత మీ గురించే. కొంత, నిజం తెలిస్తే అక్వేరియం తీయించేస్తారని." మంచానికి అవతల భర్త కదిలాడు.

అత్తగారు పైకప్పు వంక చూసింది. కోప్పడుతుందేమోనని కోడలు ఎదురు చూసింది.

"ఆ ముక్కేదో ఆ రోజే చెబితే ఒకటి కాదు, రెండు జతల గ్లౌజులు వేసుకునేదాన్ని కదే" అంది చివరికి. "నలభై ఏళ్ళు ఈ చేతులు ఎంతమంది కొత్తబట్టలు ముట్టుకున్నాయి. ఒక్కరు కూడా మురికన్న మాట అనలేదు. ఎన్నిసార్లు సబ్బుతో రుద్దుకున్నానో నీకేం తెలుసు. నేను..."

మాట పూర్తికాలేదు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, అలవాటు ప్రకారం చేతులు రెండూ దుప్పటి కిందికి లాక్కుంది.

కోడలు దుప్పటి కింద చెయ్యి పెట్టి వెతికింది. ఆ వేళ్ళు దొరికాయి గానీ, అత్తగారు వెంటనే పట్టుకోనివ్వలేదు.